గాలి సున్నా, స్క్రీన్ మీద 0.20 బార్: ఒక రొయ్యల హేచరీ పీఎల్‌సీ ప్రాజెక్టు

నేపథ్యం

నెల్లూరు జిల్లా తీరంలో ఒక వనామి హేచరీ, అంటే రొయ్య పిల్లలను పెంచే కేంద్రం. మండలం పేరు, యజమాని వివరాలు, పోయిన సీడ్ (రొయ్య పిల్లల) లెక్క ఇక్కడ రాయడం లేదు. లార్వా ట్యాంకులన్నిటికీ ఒకే గాలి లైను. దాని మీద బెల్టుతో తిరిగే రెండు ట్విన్ లోబ్ బ్లోయర్లు, ఒక్కోటీ 10 హెచ్‌పీ. ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై. కరెంటు పోతే జెనరేటర్ దానంతట అదే అందుకుంటుంది. ట్యాంకుల్లో నీటి లోతు 1.2 మీటర్లు కాబట్టి, ఎయిర్ స్టోన్ దగ్గర బుడగ బయటికి రావడానికే 0.12 బార్ కావాలి. పైపు నష్టాలు కూడా కలుపుకుని, బ్లోయర్ మామూలుగా నడిచేటప్పుడు హెడర్ (ప్రధాన గాలి పైపు) మీద ముల్లు గేజ్ 0.25 బార్ చూపిస్తుంది.

ప్యానెల్‌లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) సీమెన్స్ ఎస్7-1200, సీపీయూ 1214సీ డీసీ/డీసీ/డీసీ, ఫర్మ్‌వేర్ వీ4.2. పక్కన నాలుగు ఛానళ్ల అనలాగ్ ఇన్‌పుట్ మాడ్యూల్ ఎస్ఎం 1231, తలుపు మీద కేటీపీ700 బేసిక్ స్క్రీన్. హెడర్ మీద రెండు వైర్ల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్: 0 నుంచి 1 బార్, 4 నుంచి 20 మిల్లీయాంప్, అంటే సున్నా బార్‌కి 4, 1 బార్‌కి 20 పంపుతుంది. లాజిక్ చిన్నదే. ప్రెషర్ 0.15 బార్ కంటే తగ్గి 5 సెకన్లు అలాగే ఉంటే స్టాండ్‌బై ఎక్కాలి, హూటర్ మోగాలి. ప్యానెల్ కట్టినవాళ్లు ప్రాజెక్టు ఫైలు ఇవ్వకుండానే పోయారు. ఆ తరువాత వాళ్లు అందుబాటులోకి రాలేదు.

వచ్చిన సమస్య

ఒక రాత్రి నడుస్తున్న బ్లోయర్ బెల్టు తెగింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పట్టే ఉంది, అది పట్టి ఉందని పీఎల్‌సీకి చెప్పే ఫీడ్‌బ్యాక్ వస్తూనే ఉంది. లోడు పోయింది కాబట్టి మోటారు తీసుకునే కరెంటు తగ్గిందే గాని పెరగలేదు. ఓవర్‌లోడ్ రిలే దీన్ని పట్టలేదు. బెల్టు తెగిన సంగతి పీఎల్‌సీకి తెలిసే దారి ఒక్కటే, ప్రెషర్. స్టాండ్‌బై ఎక్కలేదు, హూటర్ మోగలేదు. రౌండ్‌కి వచ్చిన మనిషి ట్యాంకుల్లో బుడగలు లేవని చూసి చేత్తో రెండో బ్లోయర్ వేసేసరికి మైసిస్ అనే లార్వా దశలో ఉన్న కొన్ని ట్యాంకులు దెబ్బతిన్నాయి.

విచారణలో మొదట వచ్చిన మాట అక్కడి ఎలక్ట్రీషియన్‌ది: "అన్నా, బ్లోయర్ ఆపేసినా స్క్రీన్ మీద ఇరవై ఉండాదే, అదేంది?" కేసు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. కానీ ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. స్క్రీన్ ఆఫీసు పక్కన, ముల్లు గేజ్ బ్లోయర్ రూములో. రెండిటినీ ఒకేసారి చూసేవాళ్లు లేరు. స్క్రీన్ మీద 0.40 ఉంటే గాలి బాగున్నట్టే అన్నది అందరికీ అలవాటైపోయిన లెక్క.

ముందు చేసినవి

మొదట ట్రాన్స్‌మిటర్ మార్చారు. సెన్సర్ తప్పు చూపిస్తే సెన్సర్‌నే అనుమానించడం సహజం, పైగా ఉప్పు గాలికి అక్కడ ఏ పరికరమూ ఎక్కువ కాలం నిలవదు. కొత్తది బిగించాక కూడా ఆగినప్పుడు 0.20, నడిచేటప్పుడు 0.40. తయారీ వేరు, సీరియల్ నంబరు వేరు, అయినా తప్పు మాత్రం అంకెతో సహా అదే. అక్కడితో సెన్సర్ సంగతి వదిలేయాల్సింది.

తరువాత తక్కువ ప్రెషర్ సెట్‌పాయింట్‌ను (అలారం హద్దును) స్క్రీన్ మీద 0.15 నుంచి 0.30కి పెంచారు. నడిచేటప్పుడు 0.40, ఆగితే 0.20, మధ్యలో 0.30 పెడితే పట్టుకుంటుంది కదా అన్న ఆలోచన. పరీక్షించి చూశారు కూడా. నడుస్తున్న బ్లోయర్ ఐసొలేటర్ (కరెంటు తెంచే స్విచ్) తీస్తే స్టాండ్‌బై టక్కున ఎక్కింది. ఆ సమయానికి అది పనిచేసింది కాబట్టే ప్రమాదం. ప్యానెల్‌కి యూపీఎస్ లేదు, కరెంటు పోయిన ప్రతిసారీ పీఎల్‌సీ కూడా ఆరిపోయి జెనరేటర్ మీద మళ్లీ లేస్తుంది. సెట్‌పాయింట్ ఉన్న డేటా బ్లాకులో ఆ ట్యాగ్‌కి (పేరు పెట్టిన విలువకి) రిటెయిన్ టిక్, అంటే కరెంటు పోయినా గుర్తుంచుకో అన్న గుర్తు, లేదు. రిటెయిన్ లేని ట్యాగ్ కరెంటు పోయి వస్తే బ్లాకులో రాసిన స్టార్ట్ వాల్యూకి వెళ్లిపోతుంది. అంటే మళ్లీ 0.15. తరువాత వచ్చిన మొదటి కోతతోనే రక్షణ పోయింది. దానికి అలారం ఏమీ ఉండదు.

మూడు పాయింట్ల పరీక్ష

ఇక్కడినుంచి దారి మారింది. ట్రాన్స్‌మిటర్ వైర్లు విప్పి లూప్ కాలిబ్రేటర్‌తో మాడ్యూల్‌కి కరెంటు ఇచ్చి, స్క్రీన్ మీది అంకెనూ, ఆన్‌లైన్‌లో ఛానల్ ముడి విలువనూ (కరెంటుకి బదులు మాడ్యూల్ ఇచ్చే అంకె, పూర్తి పరిధికి 27648) పక్కపక్కన రాశారు. 4 మిల్లీయాంప్ ఇస్తే ముడి విలువ 5530, స్క్రీన్ 0.20. 12 ఇస్తే 16589, స్క్రీన్ 0.60. 20 ఇస్తే 27648, స్క్రీన్ 1.00.

ఒక్క పాయింట్ దగ్గర చూసి ఊరుకుంటే ఇది జీరో జరిగిన సెన్సర్‌లా కనిపిస్తుంది. జీరో జరిగితే పైన కూడా అంతే జరగాలి, 1.20 రావాలి. ఇక్కడ కింద 20 శాతం తేడా, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ చివర సరిగ్గా సున్నా. 4-20 సిగ్నల్‌ను 0-20గా చదివితే వచ్చే గుర్తు ఇదే. నిజమైన ప్రెషర్‌ను 0.8తో గుణించి 0.2 కలిపితే స్క్రీన్ మీది అంకె వస్తుంది. నిజంగా 0.25 ఉంటే 0.40, సున్నా ఉంటే 0.20. అలారం హద్దు 0.15. హెడర్‌లో గాలి పూర్తిగా పోయినా స్క్రీన్ అంకె ఆ హద్దు వరకూ దిగదు. వైర్ తెగితే తప్ప ఆ అలారం ఎప్పటికీ మోగే అవకాశం లేదు.

ఫైలు లేదు కాబట్టి సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్ వీ16లో ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ఆన్‌లైన్ మెనూలో అప్‌లోడ్ డివైస్ యాజ్ న్యూ స్టేషన్ వాడారు. సీపీయూకి పాస్‌వర్డ్ పెట్టలేదు, అది అదృష్టం. ఎస్7-1200లో హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్, బ్లాకులు, ట్యాగ్ పేర్లు, కామెంట్లు అన్నీ పైకి వస్తాయి. బేసిక్ ప్యానెల్ ప్రాజెక్టు మాత్రం రాదు. స్క్రీన్‌ను మళ్లీ గీయక తప్పదు.

అప్‌లోడ్‌లో కారణం దొరికింది. ప్యానెల్‌లో బిగించిన అనలాగ్ మాడ్యూల్ ఆర్డర్ నంబరు 4హెచ్‌డీ32తో ముగుస్తుంది. ప్రాజెక్టులో కేటలాగ్ నుంచి లాగి పెట్టింది పాత 4హెచ్‌డీ30. కొత్త మాడ్యూల్ పాత కాన్ఫిగరేషన్‌ను ఒప్పుకుంటుంది, ఎర్ర లైటు వెలగదు. కానీ పాతదాంట్లో కరెంటు పరిధి 0-20 ఒక్కటే, 4-20 అన్న ఎంపికే కనిపించదు. ప్రోగ్రామ్‌లో ముడి విలువను 0-1 మధ్యకి మార్చే నార్మ్_ఎక్స్ ఇన్‌స్ట్రక్షన్‌కి కనిష్ఠం 0, గరిష్ఠం 27648 ఇచ్చారు. 4-20 ఎంచుకున్న మాడ్యూల్‌కి అది సరైన స్కేలింగే, బహుశా వేరే ప్రాజెక్టు నుంచి తెచ్చిన బ్లాకు. విడివిడిగా చూస్తే రెండిట్లోనూ తప్పు లేదు. కలిపి చూసినవాళ్లు లేరు.

ఆ రోజుకి ఏం చేయాలి

ట్యాంకుల్లో సీడ్ ఉంది. హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ డౌన్‌లోడ్ చేయాలంటే సీపీయూ స్టాప్‌లోకి వెళ్లాలి. స్టాప్‌లో డిజిటల్ అవుట్‌పుట్లు సబ్‌స్టిట్యూట్ (ముందే పెట్టి ఉంచిన బదులు) విలువకి పోతాయి, ముట్టుకోకపోతే అది 0. నడుస్తున్న బ్లోయర్ ఆగుతుంది. సెలెక్టర్‌ను మాన్యువల్‌లో పెట్టి చేద్దామంటే, వైరింగ్ చూస్తే ఆటో-మాన్యువల్ సెలెక్టర్ పీఎల్‌సీ ఇన్‌పుట్‌కే పోతోంది. మాన్యువల్ అన్నది కూడా ప్రోగ్రామ్‌లో ఒక బిట్టే. పీఎల్‌సీ స్టాప్ అయితే మాన్యువల్ కూడా ఉండదు. ఈ రకం ప్యానెళ్లు చాలాచోట్ల ఉన్నాయి. వైరు ఆదా అవుతుందని చేస్తారు.

అందుకే పనిని రెండుగా విడగొట్టారు. ఆ రోజుకి నార్మ్_ఎక్స్ కనిష్ఠాన్ని 5530కి మార్చడం, అంతే. అది సాఫ్ట్‌వేర్ మార్పు, రన్‌లో ఉండగానే దిగుతుంది. డౌన్‌లోడ్ ముందు వచ్చే ప్రివ్యూ విండోలో స్టాప్ మాడ్యూల్స్ అన్న వరుస కనిపిస్తే అక్కడే రద్దు చేయాలి, ఓకే నొక్కడం అలవాటైన చేతికి ఇది కష్టం. ఇంకో చిక్కు ఉంది. స్క్రీన్ మీద మళ్లీ పెట్టిన 0.30 అలాగే ఉంచి స్కేలింగ్ సరిచేస్తే, చూపించే విలువ 0.25కి దిగి, అది సెట్‌పాయింట్ కంటే తక్కువై, 5 సెకన్లలో స్టాండ్‌బై కూడా ఎక్కుతుంది. రెండు బ్లోయర్లు ఒకే లైను మీద పడితే రిలీఫ్ వాల్వు లేస్తుంది. కాబట్టి ముందు సెట్‌పాయింట్ 0.15కి దించాలి, తరువాత డౌన్‌లోడ్. ఈ వరుస తప్పకూడదు.

ఇలా చేశాక స్టార్ట్ వాల్యూగా ఉన్న 0.15 కూడా నిజమైన విలువే అయింది కాబట్టి, కరెంటు పోయి వచ్చినా రక్షణ నిలిచింది. మిగతా పని బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ట్యాంకులు ఎండబెట్టే డ్రై అవుట్ రోజులకి వాయిదా వేశారు.

ప్రాజెక్టు మళ్లీ కట్టడం

డ్రై అవుట్‌లో మొదట ముట్టుకున్నది వైరింగ్‌ను, సాఫ్ట్‌వేర్‌ను కాదు. మాన్యువల్ స్థానం నుంచి ఓవర్‌లోడ్ ఎన్‌సీ (మామూలుగా మూసుకుని ఉండే) కాంటాక్ట్ గుండా కాంటాక్టర్ కాయిల్‌కి నేరుగా లైను వేశారు. ఆటో దారిలో మొదటి బ్లోయర్‌కి ఇంటర్‌పోజింగ్ రిలే (పీఎల్‌సీకీ కాయిల్‌కీ మధ్య ఉండేది) ఎన్‌సీ కాంటాక్ట్ వాడారు. అంటే పీఎల్‌సీ అవుట్‌పుట్ ఆన్ అయితే బ్లోయర్ ఆగుతుంది. అవుట్‌పుట్ లేకపోతే, సీపీయూ స్టాప్ అయినా, పీఎల్‌సీకి సప్లై ఇచ్చే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ కాలిపోయినా, బ్లోయర్ నడుస్తుంది. కన్వేయర్ మీద ఇలా చేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. హేచరీలో మాత్రం భద్రం అంటే గాలి ఆగకపోవడం. అయినా బెల్టు మార్చేవాడి చేతుల గురించి ఆలోచించకుండా ఇది చేయకూడదు. మోటారు పక్కనే తాళం పడే ఐసొలేటర్, బెల్టుకి గార్డు, ఈ రెండూ లేకుండా ఎన్‌సీ వైరింగ్ ఇవ్వలేదు.

స్టాప్‌లో కీప్ లాస్ట్ వాల్యూ అన్న సెట్టింగ్ ఉంది కదా, ఇంత వైరింగ్ ఎందుకు అన్న ప్రశ్న వచ్చింది. అది సీపీయూ స్టాప్ అయినప్పుడు మాత్రమే పనికొస్తుంది. సీపీయూకి సప్లై పోతే నిలబెట్టడానికి విలువ ఎక్కడిది? పైగా ఎన్‌సీ వైరింగ్‌లో డిఫాల్ట్‌గా ఉన్న సబ్‌స్టిట్యూట్ 0 మనకి కావలసినదే చేస్తుంది. రెండో బ్లోయర్‌కి మామూలు ఎన్ఓ (తెరిచి ఉండే) కాంటాక్టే ఉంచారు, లేకపోతే పీఎల్‌సీ పోయినప్పుడు రెండూ కలిసి ఎక్కుతాయి. జెనరేటర్ వోల్టేజ్ కుదురుకోవడానికి మొదటి బ్లోయర్ ఆటో దారిలో 10 సెకన్ల టైమర్ పెట్టారు.

తరువాత ప్రాజెక్టు. యాడ్ న్యూ డివైస్‌లో సీపీయూ ఆర్డర్ నంబరు ప్యానెల్ లేబుల్ చూసి ఎంచుకున్నారు, ఫర్మ్‌వేర్ వీ4.2. జాబితాలో పైన కనిపించే కొత్త వెర్షన్ ఎంచుకుంటే, సీపీయూలో ఉన్నదానికంటే ప్రాజెక్టు ముందుంటుంది, డౌన్‌లోడ్ ఒప్పుకోదు. అనలాగ్ మాడ్యూల్ 4హెచ్‌డీ32. ఛానల్ రకం జతలుగా మారుతుంది, 0 కరెంటు అయితే 1 కూడా కరెంటే. పరిధి 4-20, నాయిస్ సప్రెషన్ 50 హెర్ట్జ్, వైర్ బ్రేక్ డయాగ్నస్టిక్ ఆన్. రెండో స్లాటులో పెడితే చిరునామా ఐడబ్ల్యూ96 నుంచి మొదలవుతుంది. స్కేలింగ్ కనిష్ఠం మళ్లీ 0. తాత్కాలికంగా పెట్టిన 5530ను తీయడం మరిచిపోతే ఈసారి తప్పు తిరగబడుతుంది: సున్నా ప్రెషర్ -0.25గా, 0.25 బార్ సుమారు 0.06గా కనిపించి స్టాండ్‌బై ఊరికే ఎక్కుతుంది.

ముడి విలువ -691 కంటే దిగినా, 29376 కంటే పెరిగినా (అంటే 3.6, 21 మిల్లీయాంప్) సెన్సర్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్‌లో వేరే బిట్. ఫాల్ట్ వస్తే స్టాండ్‌బై ఎక్కాలి, హూటర్ మోగాలి. ఇక్కడ కొంత వాదన నడిచింది. సెన్సర్ పోయినంత మాత్రాన రెండో బ్లోయర్ ఎందుకు వేయాలి అని. రెండూ కాసేపు నడిస్తే కరెంటు ఖర్చు, రిలీఫ్ వాల్వు చప్పుడు. అంతకు మించి పోయేదేమీ లేదు.

స్టార్టప్‌లో డిఫాల్ట్ వార్మ్ రీస్టార్ట్, మోడ్ బిఫోర్ పవర్ ఆఫ్. ఎవరైనా స్టాప్‌లో వదిలేసి పోతే కరెంటు వచ్చినా స్టాప్‌లోనే లేస్తుంది. దీన్ని వార్మ్ రీస్టార్ట్, రన్‌కి మార్చారు. హార్డ్‌వేర్ సరిపోకపోయినా సీపీయూ లేవాలన్న డిఫాల్ట్‌ను మాత్రం అలాగే ఉంచారు, అనలాగ్ మాడ్యూల్ పోయిందని సీపీయూ కూడా మొండికేస్తే లాభం లేదు.

సెట్‌పాయింట్లన్నీ ఒకే డేటా బ్లాకులో పెట్టి, ప్రతి దానికీ రిటెయిన్ టిక్ పెట్టి, స్టార్ట్ వాల్యూ కూడా నడవగలిగే విలువే రాశారు. ఒకటి ఉంటే రెండోది ఎందుకంటే, బ్లాకు నిర్మాణం మార్చి డౌన్‌లోడ్ చేస్తే రీఇనిషియలైజ్ అవుతుంది, రిటెయిన్ ఉన్నా స్టార్ట్ వాల్యూకే పోతుంది. ఆ డౌన్‌లోడ్‌కి ముందు అప్పటి విలువల స్నాప్‌షాట్ తీసి, దాన్ని స్టార్ట్ వాల్యూలకి కాపీ చేయాలి. స్క్రీన్ మీద తక్కువ ప్రెషర్ సెట్‌పాయింట్‌కి 0.10 నుంచి 0.22 వరకే హద్దు. అదే హద్దు ప్రోగ్రామ్‌లో లిమిట్ ఇన్‌స్ట్రక్షన్‌తో కూడా, ఎందుకంటే రేపు స్క్రీన్ మారుస్తారు.

టైమ్ జోన్ చిన్న విషయమే గాని ఈ కేసులో విసిగించింది. ముట్టుకోకపోతే ప్రాజెక్టులో బెర్లిన్ సమయం, దాని వేసవి మార్పుతో సహా ఉంటుంది. చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. అలారం సమయాలు జెనరేటర్ లాగ్‌బుక్‌తో కలవకపోవడానికి అదే కారణం. యూటీసీ +05:30 పెట్టి వేసవి మార్పు తీసేశారు.

ఎలా పరీక్షించారు

ట్యాంకుల్లో నీళ్లు నింపి, సీడ్ వేయకముందు చేశారు. నీళ్లు లేకుండా పరీక్షిస్తే హెడర్‌లో ప్రెషరే నిలవదు, పరీక్షకి అర్థం ఉండదు. బెల్టు విప్పి మోటారు తిప్పితే 5 సెకన్లకి స్టాండ్‌బై ఎక్కింది. అసలు జరిగిన ప్రమాదం ఇదే, ఐసొలేటర్ తీసి పరీక్షించడం దీనికి బదులు కాదు, అక్కడ ఫీడ్‌బ్యాక్ కూడా పోతుంది. ట్రాన్స్‌మిటర్ వైరు ఒకటి లాగితే సెన్సర్ ఫాల్ట్. సీపీయూని స్టాప్ చేస్తే మొదటి బ్లోయర్ నడుస్తూనే ఉంది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యూజు తీసినా నడిచింది. సెట్‌పాయింట్ 0.17కి మార్చి మెయిన్ స్విచ్ దించి జెనరేటర్ మీద లేపితే 0.17 అలాగే ఉంది. ముల్లు గేజ్‌కీ స్క్రీన్‌కీ తేడా 0.01 లోపు.

ఇలాంటి ప్యానెల్ అప్పగించుకునేటప్పుడు లాడర్ (పీఎల్‌సీ ప్రోగ్రామ్) చదవనక్కర్లేదు. మూడు పాయింట్ల దగ్గర అనలాగ్ అంకెలు, సీపీయూ స్టాప్‌లో ఏది నడుస్తోంది, మాన్యువల్ సెలెక్టర్ వైరు ఎక్కడికి పోతోంది, కరెంటు పోయి వస్తే సెట్‌పాయింట్ నిలిచిందా. హేచరీ మేనేజర్ కూడా అడిగి చూడగలిగినవి ఇవి. ప్రాజెక్టును ఆర్కైవ్ చేసిన జాప్16 ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ప్యానెల్ తలుపు లోపల, ఇంకొకటి ఆఫీసులో ఉంచారు. దాంతోపాటు ఐపీ చిరునామాలు, ఫర్మ్‌వేర్ వెర్షన్, మాడ్యూళ్ల పూర్తి ఆర్డర్ నంబర్లు ఉన్న కాగితం. ప్రాజెక్టును ఇంకా పై వెర్షన్‌లో తెరిస్తే అది అప్‌గ్రేడ్ చేసిన కాపీ అవుతుంది, ఆ కాపీని మళ్లీ వీ16లో తెరవలేరు, అందుకే మూలం ముట్టుకోవద్దని ఆ కాగితం మీదే రాశారు.

ఒక లోటు మిగిలే ఉంది. హెడర్ మీద ట్రాన్స్‌మిటర్ ఒక్కటే. దాని గొట్టంలో తేమ, ఉప్పు చేరి అడ్డుపడితే, గాలి పోయినా పాత ప్రెషర్ లోపలే నిలిచి 0.25 చూపిస్తూ ఉండవచ్చు, కరెంటు కూడా మామూలు పరిధిలోనే ఉంటుంది కాబట్టి ఫాల్ట్ బిట్ రాదు. వేరే ట్యాపింగ్ మీద ప్రెషర్ 0.12 బార్‌కి దిగితే పనిచేసే ప్రెషర్ స్విచ్ ఒకటి పెట్టి, పీఎల్‌సీతో సంబంధం లేకుండా హూటర్‌కి నేరుగా కలపమని రాసిచ్చారు. అది తరువాతి డ్రై అవుట్ పనుల్లో ఉంది.